ఊపబడిన తల

ఆ రోజు నేను తల ఊపాను. తప్పు అదే.

ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట దీన్ని వేరే రకంగా రాశాను. వాళ్లు అడిగినందువల్ల అనీ, సరదా కోసం అనీ ముందూ వెనకా మాటలు పేర్చి, అసలు పని చేసిందెవరో కనపడకుండా రాశాను. నా వృత్తి అలాంటిది. నరసరావుపేటలో కోర్టు దగ్గర నాకొక జిరాక్స్ కొట్టుంది. జిరాక్సులతో పాటు అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసి ఇస్తాను. ‘దైవసాక్షిగా ప్రమాణం చేసి చెప్పునదేమనగా’ అన్న మాటను నా వేళ్లు నిద్రలో కూడా తప్పు లేకుండా కొడతాయి. రోజంతా ఊళ్లో వాళ్ల ప్రమాణాలు అచ్చు వేసే నేను, నా సొంత ఒట్టు ఒక్కటి నిలబెట్టుకోలేకపోయాను. అది కూడా ఏ కోర్టు బోనులోనో కాదు, ఒక టీవీ క్విజ్ షోలో, రంగురంగుల లైట్ల కింద, జనం చప్పట్ల మధ్య.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. వాళ్లది గురజాల. ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను బావా అని పిలుస్తుంది. పెళ్లయినా ఆ పిలుపు మారలేదు. మా వైపు బావ అన్నవాడు మరదలిని ఏడిపించకపోతే వాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. నేను మంచి ఆరోగ్యంతో పెరిగాను. మాచర్ల రైలు ఎండాకాలంలో పట్టాలు దిగి కృష్ణలో నీళ్లు తాగి వస్తుందని చెబితే నమ్మింది. కొండవీడు కొండ మీద రాజుగారు ఇంకా ఉన్నారనీ, అన్నం వదిలేసే ఆడపిల్లల జడలు కత్తిరించి కోటలో వేలాడదీస్తారనీ చెబితే, చాలా రోజులు జడను గౌను లోపల దాచుకుని తిరిగింది.

అలా మోసపోయి మోసపోయి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. నా మాట మీద అనుమానం వస్తే అరచెయ్యి తన నెత్తి మీద తనే పెట్టుకుని నా వంక చూసేది. ‘నా మీద ఒట్టా?’ అని దాని అర్థం. ఎక్కడైనా ఒట్టు వేసేవాడు ఎదుటివాళ్ల నెత్తి మీద చెయ్యి పెడతాడు. నేను చెయ్యి పెట్టేంత దూరంలో ఎప్పుడూ దొరికేవాణ్ని కాదు కాబట్టి, ఆ పని ఆమే చేసుకునేది. నేను ఎంత దూరంలో ఉన్నా సరే, ఔననో కాదనో తల ఊపాలి. అప్పుడు మాత్రం అబద్ధం కుదరదు. ఇది మేం కూర్చుని మాట్లాడుకున్న షరతు కాదు. కానీ ఆ షరతు ఉండబట్టే నా ఆటలన్నీ సాగాయి. కావాలనుకున్నప్పుడు ఆట ఆపగలనన్న ధైర్యంతోనే ఆమె నన్ను ఆడుకోనిచ్చింది.

ఒకసారి మామయ్య గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. చూసి తిరిగి వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఎలా ఉన్నారని అడిగింది. బాగానే ఉన్నారన్నాను. మళ్లీ అడగలేదు. చెయ్యి నెత్తి మీదికి వెళ్లింది. నేను అడ్డంగా తల ఊపాను. కట్టుకున్న చీరతోనే బయలుదేరి వెళ్లింది. తండ్రి ఇంకా గుర్తు పడుతున్నప్పుడే ఆయన పక్కన కూర్చోగలిగింది. ఆ చేతి విలువ నాకు తెలియక కాదని చెప్పడానికే ఇదంతా.

ఆమె ఇంట్లో స్కూలు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. టీవీ వాళ్లు ఆడవాళ్లకు క్విజ్ పెడుతున్నారనీ, మా ఊళ్లో ఒక కల్యాణమండపంలో ఎంపిక జరుగుతోందనీ విని, నాకు చెప్పకుండా వెళ్లి రాసి వచ్చింది. చెబితే నేను ఏడిపించకుండా ఊరుకోనని ఆమెకు తెలుసు. ఎంపికైనవాళ్లలో పేరు వచ్చాకే చెప్పింది. చెబుతూనే నాకొక పని అప్పగించింది.

“బావా, నువ్వు జనంలో కూర్చుని చప్పట్లు కొట్టు, చాలు. నోరు మాత్రం తెరవబాకు.”

నేను నోరు తెరవలేదు. ఆమెకిచ్చిన మాటల్లో ఆ రోజు నిలబెట్టుకున్నది అదొక్కటే.

షో వాళ్లే బస్సు పంపారు. మా వీధి వాళ్లు కొందరు, ఇంకో పోటీదారు వైపు వాళ్లు కొందరు ఎక్కారు. ఆ రెండో ఆమె మామగారు రెంటచింతల పెద్దాయన. దారి పొడుగునా తలకు చుట్టిన తుండు తీయలేదు. హైదరాబాదు చివర, గోడౌన్ లాంటి పెద్ద షెడ్డు ముందు బస్సు ఆగింది. లోపలికి వెళ్తే చలి ఎముకలు కొరికింది. ఆడవాళ్లు కొంగులు కప్పుకున్నారు. పెద్దాయన మాత్రం తుండు తీసి ఒళ్లో పెట్టుకుని, హాయిగా వెనక్కి వాలి, నా చెవిలో అన్నాడు.

“ఒరేయ్ అబ్బాయ్, ఎండాకాలం మా ఊరోళ్లందర్నీ తోలుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టొచ్చు గదా. సాయంత్రం దాకా ఊరికే చప్పట్లు కొట్టిపోతారు.”

టీవీలో చూసినప్పుడు ఆ జనం వాళ్లంతట వాళ్లే వచ్చి వాళ్లకు తోచినట్టు నవ్వుతున్నారనుకునేవాణ్ని. అక్కడికి వెళ్తే తెలిసింది, మేమూ సరంజామాలో భాగమేనని. తెల్ల చొక్కాల వాళ్లను వెనక వరసల్లోకి పంపారు. పట్టుచీరల వాళ్లను ముందుకు తెచ్చారు. ఖాళీ కుర్చీలు కెమెరాకు కనపడకుండా మమ్మల్ని ఇటూ అటూ జరిపారు. చెవిలో వైరు పెట్టుకున్న ఒక అమ్మాయి మాకు పాఠం చెప్పింది. చిన్న చప్పట్లు ఇలా, పెద్ద చప్పట్లు ఇలా, చెయ్యి పైకెత్తితే లేచి నిలబడి కొట్టాలి, పిడికిలి మూస్తే ఠక్కున ఆపాలి. మా వాళ్లకు మొదలుపెట్టడం వెంటనే వచ్చింది. ఆపడమే రాలేదు.

తర్వాత పోటీ మొదలు కాకముందే కెమెరాతో మా మొహాలు తీశారు. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. ఆశ్చర్యపోమన్నారు, పోయాం. కంగారు పడమన్నారు, పడ్డాం. బాధపడమంటే మాత్రం రెంటచింతల పెద్దాయన దేనికని అడిగాడు. ఊరికేనే అన్నారు. ఊరికే తను ఎప్పుడూ బాధపడలేదని ఆయన చెప్పాడు. దాన్ని వదిలేసి నవ్వమన్నారు. అది నా విద్య. కెమెరా అతను వరస చివరి నుంచి నా నవ్వు చూసి, దగ్గరికి వచ్చి, ఇంకోసారి నవ్వమన్నాడు. ఇంకోసారి నవ్వాను. తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి, పక్కాయన భుజం మీద కొట్టి మరీ నవ్వాను. వైరు అమ్మాయి బొటనవేలు చూపించింది. ఊళ్లో ఎవరూ గుర్తించని నా గొప్పతనాన్ని హైదరాబాదు వాళ్లు కనిపెట్టారని పొంగిపోయాను.

మా ఆవిడ కుర్చీలో కూర్చుంది. మామూలుగా ట్యూషన్ పిల్లల ముందు కూర్చున్నట్టే కూర్చుంది. మొదటి ప్రశ్నలు తడుముకోకుండా చెప్పింది. యాంకర్ ఇంట్లో భర్తను ఏమని పిలుస్తారని అడిగాడు. బావా అని చెప్పింది. ఆయన ఆ మాటను పట్టుకుని రాగం తీశాడు. జనానికి పెద్ద చప్పట్ల సైగ అందింది.

ఆ చప్పట్ల తర్వాత కాసేపు ఆపారు. వైరు అమ్మాయి వంగి వంగి నా కుర్చీ పక్కకు వచ్చి కూర్చుంది. తర్వాత వచ్చేది సరదా రౌండనీ, మార్కుల్లో కలపరనీ చెప్పింది. మిరపకాయ మొదట ఎక్కడ పుట్టిందని అడుగుతారు. జవాబు అమెరికా ఖండాలు. మా ఆవిడ అదే చెప్పినా సరే, యాంకర్ నన్ను సాయం అడుగుతాడు. నేను మాట్లాడకుండా భారతదేశానికి తల ఊపాలి. భార్య తనను నమ్ముకుంటుందా, బావను నమ్ముకుంటుందా అన్నది తమాషా. వెంటనే అసలు సంగతి చెప్పేస్తారు, అందరూ నవ్వుకుంటారు. “జరంత మంచిగ ఊపుండ్రి సార్, డౌటు రావొద్దు” అంది. నా నవ్వు మెచ్చుకున్న అమ్మాయే ఇప్పుడు నా తలనూ నమ్ముతోంది. సరేనన్నాను.

ఆ జవాబు మా ఆవిడకు బాగా తెలుసు. పిల్లలకు ఆ పాఠం చెప్పిన రోజున, పక్కింటి పిన్ని గేటు పట్టుకుని నిలబడి విని నొచ్చుకుంది. పిన్ని వాళ్లకు మిరప తోట ఉంది. పోర్చుగీసు వాళ్లు ఓడల్లో తెచ్చారనడం ఆవిడకు ఇంటి పేరు మార్చినంత అవమానంగా తోచింది. దాని గురించి ఆ రాత్రి మేమిద్దరం భోజనాల దగ్గర నవ్వుకున్నాం కూడా.

యాంకర్ ప్రశ్న అడిగాడు. మా ఆవిడ అమెరికా ఖండాలు అంది. పల్నాడు నుంచి వచ్చి ఇంత మాట అంటారా, మీ తోటలు వింటే ఏమనుకుంటాయి అని ఆయన ఆటపట్టించాడు. ఆమె నవ్వి, జవాబు అదేనంది. సరే, బావగారిని అడుగుదామన్నాడు. తెర మీదున్న జవాబులు ఒక్కొక్కటే చదివాడు. భారతదేశం అన్నప్పుడు నేను తల ఊపాను.

ఆమె లైట్ల వెలుగులో కళ్లు చికిలించి నన్ను వెతుక్కుంది. కనపడ్డాను. అప్పుడు ఆమె చెయ్యి మెల్లగా లేచి నెత్తి మీదికి వెళ్లింది.

జుట్టు చెదిరిందేమో అనుకుని మేకప్ అమ్మాయి దువ్వెన పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. యాంకర్ ఏదో జోకు వేశాడు. ఆ షెడ్డులో ఉన్న అంత మందిలో ఆ చేతికి అర్థం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. వైరు అమ్మాయి కెమెరా పక్కన వంగి నాకు బొటనవేలు చూపిస్తోంది. ఒక నిమిషంలో అంతా చెప్పేస్తారు కదా అనుకున్నాను. ఇదీ ఆటలో భాగమే అనుకున్నాను. కాదని నాకు తెలుసు. ఆ చెయ్యి ఆటలో భాగం కాదు. ఆట ఆపే గంట అది. తెలిసే ఊపాను. మొదటిసారి కంటే గట్టిగా ఊపాను.

“భారతదేశం” అంది ఆమె.

పెద్ద చప్పుడుతో ఎర్ర లైటు వెలిగింది. యాంకర్ నాటకమంతా విప్పి చెప్పాడు. జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అక్కడ నవ్వాలి కాబట్టి. చెయ్యి మాత్రం నెత్తి మీది నుంచి ఆలస్యంగా దిగింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లో ఉంచి, ఒళ్లో పెట్టుకుంది. నేను నా మోకాళ్ల వంక చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పోటీ మామూలుగా సాగింది. ఆమె బాగానే ఆడి మిక్సీ గెలిచింది. అందుకే ఏం పోయిందని అడిగిన వాళ్లకు నేను ఏమీ చూపించలేను. పోవడం సంగతి అలా ఉంచితే, ఇంటికి మిక్సీ వచ్చింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. సరదాకి చేయమన్నారే, అన్నాను. ఆమె సంచిలోంచి సీసా తీసి నా వైపు చాపింది.

“మీరు మంచినీళ్లు తాగుతారా?”

మీరు. మా వీధిలో ఆడవాళ్లందరూ భర్తలను మీరు అనే అంటారు. అది మర్యాద. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నువ్వు అన్న మనిషి ఒక్కసారిగా మీరు అంటే, సొంత ఇంటి తలుపుకు కొత్త తాళం వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ సీసా పట్టుకుని అలా కూర్చుండిపోయాను. వెనక సీట్లో రెంటచింతల పెద్దాయన చల్లదనం వదిలి వచ్చినందుకు బాధపడుతున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

ఆ తర్వాత ఇంట్లో గొడవేమీ లేదు. గొడవ పడి ఉంటే బాగుండేది. అన్నం వేళకు అన్నం, కాఫీ వేళకు కాఫీ. మీరు తిన్నారా, మీరు వచ్చారా. నేను చెప్పే ప్రతి మాటకూ సరేనండి అనేది. అని, వెళ్లి చూసుకునేది. గ్యాస్ అయిపోయిందంటే సిలిండర్ కదిపి చూసింది. కరెంటు పోయిందంటే స్విచ్ వేసి చూసింది. వాన వస్తోందన్నా గుమ్మంలోకి వెళ్లి చెయ్యి చాపింది. చెయ్యి నెత్తి మీదికి మాత్రం పోలేదు. నా ఒట్టు అడగడం మానేసింది. నాకు నిజానికి భయం వేసింది అక్కడే.

షో టీవీలో వచ్చిన రోజు మా హాలు నిండింది. పిన్ని ముందు కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ జవాబు చెప్పడం, చెయ్యి నెత్తి మీదికి వెళ్లడం, నా తల ఊగడం, ఆమె జవాబు మార్చడం, ఎర్ర లైటు. ఆ వెంటనే తెర మీద నేను. తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి, పక్కాయన భుజం మీద కొడుతూ నవ్వుతున్నాను. పొద్దున ఖాళీ కుర్చీని చూసి నవ్విన నవ్వు. దాన్ని తెచ్చి అక్కడ అతికించారు. అది మార్కుల్లో లేని తమాషా అని యాంకర్ చెప్పిన ముక్క మాత్రం ఎక్కడా లేదు. హాల్లో అందరూ నవ్వారు. మా ఆవిడ టీవీ వంక చూడటం మాని నా వంక చూసింది.

నేనప్పుడు నవ్వలేదనీ, అది పొద్దున తీసిందనీ చెప్పాను. సరేనండి అంది. లోపలికి వెళ్లి అందరికీ మజ్జిగ తెచ్చింది. నిజమే చెప్పాను. కానీ నిజం చెప్పినప్పుడు నమ్మించడానికి నా దగ్గర ఉన్న సాధనం ఒక్కటే. దాన్ని నేనే విరగ్గొట్టాను.

ఊరికి మాత్రం పండగైంది. కోర్టు ఆవరణలో వకీళ్ల గుమాస్తాలు కాగితాలు తీసుకుంటూ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, జిరాక్స్ సరిగ్గా వచ్చిందా అని అడిగేవాళ్లు. టీ కొట్టు అతను చక్కెర వేశానంటూ తన నెత్తి పట్టుకునేవాడు. వాళ్లకు ఆ చేతికి అర్థం తెలియదు. నన్ను ఏడిపించడానికి పనికొస్తుందని మాత్రం తెలుసు. ఏడిపించే మనిషికి ఏడవడం ఎలా ఉంటుందో తెలియాలి, తెలిసింది. దానికి నాకేం ఫిర్యాదు లేదు. కానీ ట్యూషన్ పిల్లల తల్లుల్లో ఒకావిడ గేటు దగ్గర మా ఆవిడతో, “టీచరమ్మా, పుస్తకం చూసే చెప్తున్నారు గదా?” అంది. మా ఆవిడ చూసే చెబుతున్నానంది. నేను లోపల గదిలో ఉన్నాను. బయటికి రాలేదు. తల ఊపిన దాని పక్కన ఈ తప్పు కూడా రాయాలి.

మాటతో కాలేదు కాబట్టి నాకు చేతనైన పని చేశాను. కొట్లో కూర్చుని ఒక అఫిడవిట్ కొట్టాను. ‘దిగువ సంతకం చేసిన నేను దైవసాక్షిగా ప్రమాణం చేసి చెప్పునదేమనగా, సదరు కార్యక్రమమునందు, సదరు సిబ్బంది వారి కోరిక మేరకు, సదరు ప్రశ్నకు తల ఊపబడినది. అందులకు మిక్కిలి చింతించబడుచున్నది.’ సంతకం పెట్టి, ట్యూషన్ బల్ల మీద ఆమె దిద్దాల్సిన కాగితాల పైన పెట్టాను. చూసి నవ్వుతుందనుకున్నాను. ఇంకా ఆమెను నవ్వించి బయటపడాలనే చూస్తున్నానన్నమాట.

మర్నాడు ఆ కాగితం నా టిఫిన్ సంచిలో ఉంది. ఎర్ర సిరాతో దిద్ది ఉంది. ‘ఊపబడినది’ చుట్టూ సున్నా చుట్టి పక్కన ‘ఎవరు?’ అని రాసింది. ‘చింతించబడుచున్నది’ చుట్టూ ఇంకో సున్నా, పక్కన మళ్లీ ‘ఎవరు?’ కింద, పిల్లలకు రాసినట్టే, ‘మళ్లీ రాసుకురావాలి’ అని.

ఆ రోజు కొట్లో ఏ కాగితం కొట్టినా ఆ ఎర్ర మాటే కనపడింది. సొమ్ము తీసుకొనబడినది. గోడ కూల్చబడినది. గట్టు జరపబడినది. నా కొట్లో ఇన్నేళ్లుగా ఎవరూ ఏమీ చేయలేదు. అన్నీ వాటంతట అవి చేయబడ్డాయి. ఆ భాషలోనే బతికి బతికి, నా తల కూడా నా ప్రమేయం లేకుండా ఊగిందని నన్ను నేను నమ్మించుకున్నాను.

మళ్లీ రాయలేదు. రాస్తే మళ్లీ తెలివి చూపిస్తానని భయం వేసింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం వైరు అమ్మాయి ఫోన్ చేసింది. హాల్లో ట్యూషన్ జరుగుతోంది, నేను వంటింట్లో ఉన్నాను. దంపతులతో స్పెషల్ చేస్తున్నామనీ, మా ముక్కను జనం బాగా చూశారనీ, మళ్లీ రమ్మనీ అంది. ఈసారి ఇంకో తమాషా. మేడమ్‌కు మాత్రం చెప్పొద్దు.

ఒక్క నిమిషం ఆగమ్మా అన్నాను. హాల్లోకి వెళ్లి, ఫోను స్పీకర్ పెట్టి, ట్యూషన్ బల్ల మీద ఉంచాను.

“ఇందాక చెప్పింది మళ్లీ చెప్పమ్మా. మా ఆవిడ వింటోంది.”

ఆ అమ్మాయి నవ్వేసింది. పాపం మంచి పిల్ల. ఉన్నదంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ, ఎవరూ అడగకుండానే, “సార్ నవ్వు మస్తుంటది మేడమ్. ఆ పొద్దుగాల తీసిందే ఇంక చాన షోలల్ల వాడుతున్నం” అంది.

మా ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను ఆగింది. పొద్దున తీసిందా అని అడిగింది. అందరివీ పొద్దున్నే తీస్తామంది ఆ అమ్మాయి. మా ఆవిడ ట్యూషన్ ఉందనీ, రావడం కుదరదనీ మర్యాదగా చెప్పింది. “ఆ నవ్వు మాత్రం కాస్త చూసి వాడుకోండమ్మా, అరిగిపోద్ది” అని ఫోన్ పెట్టేసింది.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె వాళ్లను లెక్కలు చేసుకోమని, నా వైపు తిరిగింది.

“నవ్వు పొద్దుటిది. మరి తల?”

“అది అప్పటిదే. నేనే ఊపాను.”

“నా చెయ్యి చూసినాక?”

“చూసే ఊపాను.”

ఆమె పెన్ను మూత పెడుతూ, “నాకు తెలిసిందే నాకు చెప్తే ఏముంది. నన్ను చూసి నవ్వినోళ్లకు చెప్పండి” అంది. ఇంకా మీరు అనే ఉంది, కానీ ఆ మాట చివర కాస్త మెత్తబడింది.

ట్యూషన్ వదిలే వేళకు తల్లులు గేటు దగ్గర చేరతారు. పిన్ని తన అరుగు మీద కూర్చుని వాళ్లతో మాట కలుపుతుంది. ఆ రోజు నేను గేటు తీసుకుని వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాను. షోలో మా ఆవిడ మొదట చెప్పిందే సరైన జవాబని చెప్పాను. నిజం చెప్పమని ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు అడిగిందనీ, నేను తెలిసే అబద్ధానికి తల ఊపాననీ, ఆమె తప్పు చెప్పినందుకు కాదు, నన్ను నమ్మినందుకు అందరూ నవ్వారనీ చెప్పాను. పుస్తకం చూసే చెప్తున్నారా అని అడిగిన ఆవిడ వంక చూసి, ఆ మాట అన్న రోజు నేను లోపలే ఉండి బయటికి రాలేదని కూడా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అందులో సదరు లేదు.

పిన్ని అరుగు మీద నుంచి లేచింది.

“ఏందబ్బాయ్, అయితే మిరపకాయ మనది కాదా?”

కాదు పిన్నీ అన్నాను.

“మరి మా మామ ఏసింది ఏంది? ఆయన నాయన ఏసింది ఏంది? అమెరికావోళ్లొచ్చి నాటిపోయారా?”

ఇంకొకావిడ అందుకుంది. గుంటూరు కారం అంటారు గానీ అమెరికా కారం అని ఎవరైనా అంటారా అంది. ఒకావిడ పోర్చుగీసు వాళ్లు ఏ ఊరి వాళ్లని అడిగింది. వీధంతా మిరపకాయ పుట్టిల్లు మీద పడింది. ఇన్నాళ్లు మోసిన నా నేరం ఎటు పోయిందో కూడా తెలియలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, క్షమించలేదు, పట్టించుకోలేదు. చివరికి పిన్ని వేలు చూపించి, “నువ్వు చెప్తే నమ్మాలా? ఇది కూడా నీ ఆటేగా. ఇందాక ఫోన్లో టీవీవోళ్లతో మాట్లాడావు, నేను విన్నా. ఏడ పెట్టావు కెమెరా?” అంది. తల్లులంతా కొంగులు సర్దుకుని చుట్టూ చూశారు.

ఇక నేను ఏం చెప్పినా ఉపయోగం లేదు. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. ఇప్పుడు నా మొహం చూస్తోంది. చంకలో పిల్లల కాగితాలు ఉన్నాయి. వాటిని ఎడమ చేతికి మార్చుకుంది. కుడి చెయ్యి లేచి, నెత్తి మీదికి వెళ్లి, అక్కడ ఆగింది.

గేటు దగ్గర అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ చెయ్యి సంగతి వాళ్లకిప్పుడు తెలుసు.

నేను తల ఊపాను. చెప్పినదంతా నిజమని ఊపాను. చెయ్యి ఇంకా దిగలేదు కాబట్టి, దిగేదాకా ఊపుతూనే ఉన్నాను. పిన్ని ఒకసారి నన్నూ ఒకసారి ఆమెనూ చూసి, మిరపకాయ మాట తర్వాత తేల్చుకుందామన్నట్టు అరుగు మీద కూర్చుంది.

“చాల్లే బావా,” అంది మా ఆవిడ చెయ్యి దించుతూ, “మెడ పట్టుద్ది.”